‘కదా’ అని అడిగితే తల ఊపకండి

మొన్న ఆదివారం మా అబ్బాయినీ, మేనల్లుడినీ తీసుకుని వైజాగ్‌లోనే ఒక మ్యాచ్‌కి వెళ్ళాను. ఏ ఆట, ఎవరు పెట్టారు అన్నది రాయను. పేరు రాస్తే గొడవంతా పేరు మీదకి పోయి, అసలు సంగతి మరుగున పడుతుంది. పిల్లల్ని తీసుకుని మ్యాచ్‌కో, ఆ తర్వాత బర్గర్‌కో వెళ్ళేవాళ్ళు మాత్రం ఇది చదివి బయల్దేరండి.

గేటు దగ్గర మొదలైంది. “వాటర్ బాటిల్ లోపలికి రాదు, తెలుసు కదా సార్?” నాకు తెలియదు. టికెట్ వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉందట. ఇంటి నుంచి నింపి తెచ్చిన రెండు సీసాలూ డ్రమ్ములోకి పోయాయి. పవర్ బ్యాంక్ కూడా కుదరదంటే మళ్ళీ పార్కింగ్ దాకా నడిచి బండి డిక్కీలో పెట్టి వచ్చాను. ఇంతలో మేనల్లుడి టోపీ మీద పడింది వాళ్ళ కన్ను. దాని మీద ఒక కూల్‌డ్రింక్ బొమ్మ ఉంది. స్పాన్సర్ వేరే కంపెనీ అట. “తిరగేసి పెట్టుకో నానా” అన్నారు. తొమ్మిదేళ్ళ పిల్లాడు లోపలి కుట్లన్నీ బయటికి కనిపిస్తుండగా మ్యాచ్ అయ్యేదాకా అలాగే కూర్చున్నాడు. మన ఉక్కపోత సంగతి చెప్పక్కర్లేదు, లోపల గ్లాసు నీళ్ళు 20 రూపాయలు. ఎన్ని గ్లాసులు తాగామో లెక్కపెట్టడం మానేశాను.

1996 క్రికెట్ వరల్డ్ కప్‌లో ఇక్కడే, వైజాగ్‌లోనే, ఇందిరా ప్రియదర్శిని స్టేడియంలో ఆస్ట్రేలియా, కెన్యా మ్యాచ్ జరిగింది. మార్క్ వా 130 కొట్టాడు. నాన్న పులిహోర పొట్లం పట్టుకొస్తే దర్జాగా తిన్నాం. అప్పుడూ స్పాన్సర్ల యుద్ధం ఉంది. కోకా కోలా అఫీషియల్ డ్రింక్ అయితే, పెప్సీ వాళ్ళు ‘నథింగ్ అఫీషియల్ అబౌట్ ఇట్’ అని టీవీలో ఏడిపించేవారు. కానీ ఆ యుద్ధం కంపెనీల మధ్యే, మా పులిహోర దాకా రాలేదు.

ఇప్పుడు మాత్రం ప్రేక్షకుడి ఒంటి దాకా వచ్చింది. 2006లో జర్మనీలో ఫుట్‌బాల్ వరల్డ్ కప్‌కి వేరే బీరు కంపెనీ పేరున్న ప్యాంట్లు వేసుకొచ్చారని నెదర్లాండ్స్ అభిమానుల చేత వాటిని విప్పించారు. చాలామంది అండర్‌వేర్ మీదే మ్యాచ్ చూశారు. మా వాడికి టోపీతో సరిపోయింది, సంతోషం. 2012 లండన్ ఒలింపిక్స్‌లో అయితే ఆటలు జరిగేచోట ఫ్రైస్ అమ్మే హక్కు మెక్‌డొనాల్డ్స్‌దే. మిగతావాళ్ళు అమ్మాలంటే పక్కన చేప ముక్క ఉండాల్సిందే!

సరే, మ్యాచ్ అయ్యాక పిల్లలు ఆకలో అన్నారు. బీచ్‌కి వెళ్ళే దారిలో ఒక బర్గర్ షాపులో ఆగాం. 149 రూపాయల బర్గర్లు మూడు, 99 రూపాయల ఫ్రైస్ ఒకటి. మొత్తం 546, దాని మీద 5 శాతం జీఎస్టీ కలిపితే 573. ఇంతవరకూ నోటి లెక్కే. కౌంటర్లో కుర్రాడు స్క్రీన్ మీద నుంచి తల ఎత్తకుండా గబగబా అడిగాడు. “చీజ్‌తోనే కదా సార్? ఫ్రైస్ లార్జే కదా? డిప్ ఇస్తున్నాను కదా?” ఆ బర్గర్ మామూలుగా వచ్చేదే అలా అనుకుని మూడింటికీ తల ఊపాను. బిల్లు 736.

టేబుల్ దగ్గర కూర్చుని చూస్తే చీజ్ స్లైస్ 30 చొప్పున మూడు, లార్జ్‌కి 40, డిప్‌కి 25. ఆపైన వాటికీ పన్ను. తల ఊపినందుకు 163 రూపాయలు. “చీజ్ కావాలా, 30 అవుతుంది” అని అడిగి ఉంటే వద్దనేవాడిని. ‘కావాలా’ అన్నచోట ‘కదా’ పెట్టాడు, అంతే. మేనేజర్ దగ్గరికి వెళ్తే నవ్వుతూ, “మీరే ఓకే అన్నారు కదా సార్” అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. (ఆ కుర్రాణ్ణి ఏమీ అనలేను. రోజుకి ఇన్ని లార్జ్‌లని టార్గెట్ ఉండే ఉంటుంది.)

అందుకని మీరు వెళ్ళినప్పుడు ముందే ‘మామూలుది, రెగ్యులర్, ఇంకేం వద్దు’ అని చెప్పేయండి. ఫోన్ స్కాన్ చేసే ముందు స్క్రీన్ మీ వైపు తిప్పమనండి, వెనక క్యూ ఎంతున్నా సరే. యాప్‌లో అయితే చివరి పేజీలో విరాళమని రెండు మూడు రూపాయలు ముందే టిక్ పెట్టి ఉండొచ్చు, చూసి తీసేయండి. అలా అడగకుండా కలపడాన్ని బాస్కెట్ స్నీకింగ్ అంటారు. 2023 నవంబర్‌లో కేంద్రం ఇచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (యాప్‌లు, సైట్లు కొనేవాళ్ళని ఏమార్చే ఎత్తులు) మార్గదర్శకాల్లో విరాళంతో సహా దాన్ని నిషేధించారు. బిల్లు దాచుకుని వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయొచ్చు. నేను చేయలేదు, తల ఊపింది నేనే కాబట్టి. మ్యాచ్ టికెట్ కొనేముందు మాత్రం ఏవి రానివ్వరో చదవండి, పిల్లలకి ఏ బొమ్మా లేని టోపీ పెట్టండి.

పిల్లలు ఇంకా ఆకలే అంటే చివరికి ఆర్కే బీచ్‌లో మురీ మిక్స్చర్ కొన్నాను. బండాయన ఉల్లిపాయ వెయ్యాలా, నిమ్మకాయ పిండాలా, కారం ఎంత అని ఒక్కోటీ ఆగి ఆగి అడిగాడు. డబ్బాలో గరిటె పెట్టి మా జవాబు కోసం చూస్తూ నిలబడ్డాడు.

ఈ కథంతా ఇంట్లో చెప్పడం నాదే తప్పు. మా వాడు నిన్న పొద్దున్నే మొదలుపెట్టాడు. “నాన్నా, ఈ ఆదివారం కూడా బీచ్‌కి వెళ్తున్నాం కదా?”