పురానాపుల్ నడకా, కోఠీ రెసిడెన్సీయా?

హైదరాబాద్‌లో ఆదివారం పొద్దున రెండు గంటలే చేతిలో ఉంటే ఏది చూడాలి?

కోఠీ మహిళా విశ్వవిద్యాలయం (ఒకప్పటి మహిళా కళాశాల) ఆవరణలోని బ్రిటిష్ రెసిడెన్సీని, నిజాం దర్బారులో బ్రిటిష్ ప్రతినిధిగా ఉన్న కిర్క్‌పాట్రిక్ కట్టించాడు. ఎత్తయిన స్తంభాలు, మెట్ల పక్కన సింహాలు చూస్తే కళ్లు తిప్పుకోలేం. కాకపోతే వేళలు ముందే కనుక్కుని వెళ్లాలి.

పురానాపుల్‌కి గేటూ లేదు, టికెట్టూ లేదు. 1578 నాటి ఈ వంతెన చార్మినార్ కంటే 13 ఏళ్లు పెద్దది. దానిమీద కూరగాయలు అమ్ముతుంటారు. అక్కడి నుంచి మూసీ వెంటే ఉస్మానియా ఆసుపత్రి దాకా నడవండి. ఆ ఆవరణలో ఓ ముసలి చింతచెట్టు ఉంది. 1908 వరదలో సుమారు 150 మంది దాని కొమ్మలు పట్టుకుని బతికారు. దాని మొదలు మీద చెయ్యి వేసినప్పుడు నాకు మాట రాలేదు.

నా ఓటు ఈ నడకకే. నది వాసనకి ఒక రుమాలు మాత్రం వెంట ఉంచుకోండి.