టీచర్ లేకుండా జపనీస్, పాలీ: ఏళ్ళ తరబడి వాడాక ఏవి పనికొచ్చాయి

జపనీస్, పాలీ (తొలినాటి బౌద్ధ గ్రంథాల భాష) రెండూ చాలా ఏళ్ళుగా సొంతంగానే నేర్చుకుంటున్నాను. ఎవరైనా అడిగే మొదటి ప్రశ్న "ఏ యాప్ మంచిది?" అనే. దానికీ జవాబు చెప్తాను గానీ, అంతకంటే ముఖ్యమైంది ఇంకోటుంది. ఈ భాషలకి దొరికే మెటీరియల్‌లో ఎక్కువ భాగం ఇంగ్లీషులో ఆలోచించేవాళ్ళ కోసం రాసింది. మనకి పుట్టుకతో వచ్చిన సంగతులని పేజీలకి పేజీలు వివరిస్తారు, మనం నిజంగా ఇరుక్కునే చోట నాలుగు లైన్లలో దాటేస్తారు. తెలుగువాళ్ళు ఏ పుస్తకం పట్టుకున్నా, ఏది వదిలేయాలో తెలిస్తే సగం టైమ్ మిగులుతుంది.

జపనీస్ సంగతే చూడండి. క్రియ చివర్లో రావడం, విభక్తులు నామవాచకం తర్వాత అతుక్కోవడం, ఇవి మనకి పాఠాలే కావు. "కినో యొన్ద హొన్" అంటే "నిన్న చదివిన పుస్తకం", మూడు మాటలూ అదే వరసలో. దీని మీద మొత్తం ఒక అధ్యాయం రాసి డజన్ల కొద్దీ ఎక్సర్‌సైజులు ఇచ్చిన పుస్తకం చూశాను. "తబెతె మిరు" అంటే తిని చూడటం, అక్కడా "చూడు" క్రియే. "నాకు అర్థమైంది" తరహా వాక్యాలూ మనకి వింత కాదు. ఉచ్చారణలోనూ అంతే, ఒజిసన్ వేరు, ఒజీసన్ వేరు, కితె వేరు, కిత్తె వేరు అంటే మన చెవికి అందులో కష్టమేముంది? ఆ చాప్టర్లన్నీ పైపైన చూసి వెళ్ళిపోవచ్చు.

ఆగాల్సిన చోట్లు వేరే. మనం "ఇచ్చాడు" అని ఒక్క మాటతో సరిపెట్టేది జపనీస్‌లో ఎవరు ఎవరికిచ్చారన్న దాన్ని బట్టి అగెరు, కురెరు అని రెండవుతుంది. వాడు నాకిస్తే కురెరు, నేను వాడికిస్తే అగెరు. "వ", "గ" ప్రత్యయాల తేడా "నేనైతే రాను"లోని "అయితే"తో కొంతవరకే తెలుస్తుంది, మిగతాది వందల వాక్యాలు చదివితేనే వస్తుంది. లెక్కపెట్టడం ఇంకో తలనొప్పి. మనుషులని విడిగా లెక్కపెట్టడం మనకీ ఉంది (ఇద్దరు, ముగ్గురు) కానీ వీళ్ళు పొడుగ్గా ఉన్నవాటికి ఒకటి, పల్చగా ఉన్నవాటికి ఒకటి పెట్టుకున్నారు, పైగా పొడుగ్గా ఉన్నవి ఒకటి, రెండు, మూడు అంటే ఇప్పొన్, నిహొన్, సంబొన్ అని అంకెని బట్టి శబ్దం మారిపోతుంది. ఇవి బట్టీ కొట్టడమే, దగ్గరదారి లేదు.

ఇక కాంజీ, అంటే చైనీస్ నుంచి వచ్చిన అక్షరాలు. వాడుకకి ప్రభుత్వం ఇచ్చిన జాబితాలో 2010 సవరణ తర్వాత 2136 అక్షరాలున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా, అన్ని ఉచ్చారణలతో నేర్పే పద్ధతి నాకు అసలు నచ్చలేదు. ఒకే అక్షరం ఒక మాటలో సెయ్, ఇంకో మాటలో షో, మరోచోట నమ అని పలుకుతుంటే ఆ పట్టిక గుర్తుపెట్టుకుని లాభమేంటి? మాటలుగా నేర్చుకోండి, అక్షరం దానంతటదే వస్తుంది.

మాటలు నిలవాలంటే అంకి, నేర్చుకున్నవి మర్చిపోకముందే మళ్ళీ మళ్ళీ చూపించే ఫ్లాష్‌కార్డుల యాప్. కంప్యూటర్‌లో, ఆండ్రాయిడ్‌లో ఉచితం, ఐఫోన్‌లో కొనుక్కోవాలి. చూడ్డానికి ఏమాత్రం బాగుండదు, సెట్టింగులు మొదట్లో భయపెడతాయి, అయినా ఇన్నేళ్ళలో నా ఫోన్‌లోంచి తీసేయని లాంగ్వేజ్ యాప్ ఇదొక్కటే. 2023లో ఏ కార్డు ఎప్పుడు చూపించాలో లెక్కకట్టే ఎఫ్ఎస్ఆర్ఎస్ అనే కొత్త షెడ్యూలింగ్ కలిపాక రోజువారీ రివ్యూలు నాకు కాస్త తేలికపడ్డాయి. ఒక్క జాగ్రత్త, ఉత్సాహం కొద్దీ కొత్త కార్డులు పెంచేస్తే రివ్యూలు చక్రవడ్డీలా పెరిగి టెన్షన్ పెడతాయి. ఇంకొకరి డెక్ (కార్డుల కట్ట) దించుకోవడం కంటే చదువుతూ తగిలిన వాక్యాన్ని మీరే కార్డు చేసుకోవడం మేలు. పాయింట్లు, వరస రోజుల లెక్కలతో ఆడించే యాప్‌లు కూడా వాడాను, కానా అక్షరాలు (జపనీస్‌లో శబ్దాన్ని బట్టి రాసేవి) వచ్చేదాకా ఫర్వాలేదు, ఆ తర్వాత టైమ్‌పాస్.

పాలీకి మాత్రం ఇదే పద్ధతి పట్టుకొస్తే విసుగొస్తుంది. అది చదువుకునే భాష, కాబట్టి వీలైనంత తొందరగా అసలు సుత్తాల్లోకి, అంటే బుద్ధుడి ప్రవచనాల్లోకి, వెళ్ళిపోవాలి. సంస్కృత పదాలు మన తెలుగులో ఎలాగూ ఉన్నాయి కదా, నాలుగు మార్పులు పట్టుకుంటే బోలెడు మాటలు ఊరికే వచ్చేస్తాయి: సత్యం సచ్చ, మార్గం మగ్గ, భిక్షువు భిక్ఖు, హస్తం హత్థ. ద్వివచనం దాదాపు లేదు, అదో ఊరట. ఇక వాక్యనిర్మాణం చూస్తే ముచ్చటేస్తుంది. సుత్తాల్లో పదే పదే వచ్చే "ఉపసంకమిత్వా భగవంతం అభివాదేత్వా ఏకమంతం నిసీది" అనే వాక్యం "దగ్గరికి వెళ్ళి, భగవంతుడికి నమస్కరించి, ఒక పక్కన కూర్చున్నాడు" అని మన అసమాపక క్రియలతో అచ్చంగా దిగిపోతుంది. ఎవరో అన్న మాట చివర వచ్చే "ఇతి" మన "అని"లాంటిదే, జపనీస్‌లో ఆ పని "తొ" చేస్తుంది.

పాలీకి సొంత లిపి లేదు. తిపిటకం (పాలీ బౌద్ధ గ్రంథాల మొత్తం సంకలనం) మొత్తం తెలుగు లిపిలోనే ఆన్‌లైన్‌లో ఉచితంగా దొరుకుతుంది, రంగూన్‌లో 1954 నుంచి 1956 దాకా జరిగిన ఛట్ఠ సంగాయనలో (ఆరో బౌద్ధ సంగీతి) ఖరారైన పాఠం అది. పైకి చదవడానికి బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ నిఘంటువులు, వ్యాకరణాలు ఎక్కువగా రోమన్ లిపిలోనే ఉంటాయి కాబట్టి ఆ చుక్కలు, గీతలు కూడా అలవాటు చేసుకోక తప్పదు. 1963లో వచ్చిన వార్డర్ పాలీ వ్యాకరణ పాఠ్యపుస్తకం మొదటి సగం ఓపిగ్గా చేయండి, ఉదాహరణలు ఎక్కువగా దీఘనికాయం (పొడవాటి సుత్తాల సంకలనం) నుంచే తీసుకున్నారు, అందుకే కల్పించిన వాక్యాల చప్పదనం ఉండదు. రెండో సగం పూర్తిచేసే దాకా ఆగక్కర్లేదు. డిజిటల్ పాలీ డిక్షనరీ పెట్టుకుంటే సంధులు, సమాసాలు విడగొట్టి చూపిస్తుంది, ఉచితం కూడా. అయితే ముందు మీరు విడగొట్టి, తర్వాత అందులో చూడండి, లేకపోతే అలవాటు దానికి అవుతుంది, మీకు కాదు. బుద్ధుడి మాటల పద్య సంకలనం ధమ్మపదంతో మొదలెట్టమని చాలామంది చెప్తారు. 423 గాథలే కాబట్టి చిన్నదనిపిస్తుంది గానీ పద్యంలో పదాల వరస తారుమారవుతుంది. వచనంతో మొదలెట్టండి, ఒకే వాక్యాలు మళ్ళీ మళ్ళీ వస్తాయి, అదే రివిజన్.

జపనీస్‌కి పరీక్ష ఉంది, జేఎల్‌పీటీ, ఎన్5 నుంచి ఎన్1 దాకా. గడువు ఉంటే చదివేవాళ్ళకి రాయడం మంచిదే. కానీ అందులో మాట్లాడే విభాగం లేదు, సొంతంగా రాసేదీ లేదు, అన్నీ ఆప్షన్లు ఎంచుకునేవే. మాట్లాడటం కావాలంటే ఇప్పటిదాకా చెప్పినవాటిలో ఏదీ సరిపోదు, ఎదురుగా మనిషి ఉండాల్సిందే, డబ్బిచ్చి అయినా సరే. పాలీకి ఆ ఖర్చు లేదు.