కైవారం వైపు ఒక రాత్రి: కన్నడ అక్షరాల్లో తెలుగు తత్వాలు

మాకు పాలు పోసే ఆయనది చింతామణి దగ్గర పల్లె. ఉగాది దాటాక వాళ్ల పక్క ఊళ్లో గంగమ్మ జాతర ఉందని, కైవార తాతయ్య అని పిలుచుకునే యోగి నారేయణ తత్వాలు పాడే భజన బృందం వస్తుందని చెప్పారు. "పగలొస్తే ఏముండదమ్మా, రాత్రి ఉండాల" అన్నారు. ఆ మాట పట్టుకుని నేను, మావారు, ఆరో తరగతి చదివే మా అబ్బాయి, తెనాలి నుంచి వచ్చి ఉన్న మామయ్యగారు శనివారం పొద్దున్నే బెంగళూరు కృష్ణరాజపురం నుంచి కారులో బయల్దేరాం.

హొసకోట, నందగుడి, హెచ్ క్రాస్ మీదుగా కైవార క్రాస్. మధ్యలో టిఫిన్‌కి ఆగినా రెండు గంటలు పట్టలేదు. కారు లేనివాళ్లు చింతామణి బస్సెక్కి కైవార క్రాస్‌లో దిగి ఆటో మాట్లాడుకోవచ్చు. కానీ రాత్రి కార్యక్రమానికి వెళ్లేవాళ్లకి సొంత బండి ఉండాల్సిందే. చీకటి పడ్డాక పల్లెల నుంచి తిరిగి రావడానికి మాకు ఏ బస్సూ కనిపించలేదు.

పగలంతా కైవారంలో గడిపాం. యోగి నారేయణ తాతయ్య 1726లో ఇక్కడే పుట్టి, 110 ఏళ్లు జీవించారని చెబుతారు. గాజుల మలారం భుజాన వేసుకుని ఊళ్లు తిరిగిన మనిషి తత్వాలు, కాలజ్ఞానం, శతకం చెప్పారు. కన్నడంలోనూ చెప్పారు, తెలుగులోనూ చెప్పారు. బెంగళూరులో ఇన్నేళ్లుగా ఉంటూ ఈ సంగతి నాకు తెలియకపోవడం బాధగా అనిపించింది. ఆయన తపస్సు చేసిన గుహ, అమరనారేయణస్వామి గుడి, భీముడు ప్రతిష్ఠించాడని చెప్పే భీమలింగేశ్వరుడి గుడి తీరిగ్గా చూశాం. ఏకచక్రపురం ఇదేనని, బకాసురుణ్ణి చంపింది ఈ కొండ దగ్గరేనని స్థానికులు చెబుతారు. దగ్గర్లోని కైలాసగిరిలో ఈ కాలంలో తొలిచిన గుహాలయాలు ఉన్నాయి. పిల్లలకి నచ్చుతాయి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లని మాత్రం మధ్యాహ్నం ఎండలో తీసుకెళ్లకండి. మామయ్యగారు సగంలోనే నీడ చూసుకుని కూర్చుండిపోయారు.

బస విషయంలో నేను తప్పు చేశాను. ఫోన్‌లో ఫోటోలు చూసి చింతామణిలో ఒక లాడ్జిలో 1,600 రూపాయలకి గది తీసుకున్నాను. ఫోటోలో ఉన్న గది వేరు, ఇచ్చిన గది వేరు. వేడినీళ్లు పొద్దున ఆరు నుంచి ఏడు వరకే అన్నారు, ఆరున్నరకే అయిపోయాయి. దుప్పటి మార్చమని రెండుసార్లు అడగాల్సి వచ్చింది. తెల్లవారుజామున గంటన్నర పడుకోవడానికి ఆ డబ్బు దండగ. జాతర ఊళ్లో పాలాయన అన్నగారింటి మిద్దె మీద చాపలు వేసి పెట్టారు. అక్కడ పడుకుని ఉంటే సరిపోయేది. భోజనానికి కూడా వాళ్లింట్లోనే ముద్ద, ఉలవ సారు, పచ్చి ఉల్లిపాయ పెట్టారు. మామయ్యగారు రాగి ముద్ద అంత ఇష్టంగా తినడం నేను మొదటిసారి చూశాను.

భజన పది గంటలకి అన్నారు, మొదలయ్యేసరికి పదకొండు దాటింది. పదకొండు మంది ఉన్నారు. హార్మోనియం, తబలా, డోలక్, కంజిర, మిగతావాళ్ల చేతుల్లో తాళాలు. పెద్దాయనకి డెబ్బై పైనే. నలభై ఏళ్లకు పైగా ఈ బృందం ఊరూరా పాడుతోందట. వాళ్ల నాన్న పక్కన తాళాలు వేస్తూ నేర్చుకున్న ఆయన వెనక ఇప్పుడు మనవడు తాళాలు వేస్తున్నాడు. ఆయన ఒక చరణం అందుకుంటే మిగతావాళ్లు దాన్నే తిరిగి పాడతారు. మొదట నడక నెమ్మదిగా ఉంటుంది. నాలుగైదు సార్లు తిరిగేసరికి తాళం ఉరుకుతుంది, గొంతులు పైకి లేస్తాయి, ఉన్నట్టుండి అందరూ ఒక్క దెబ్బకి ఆగుతారు. ఆ ఆగడంలో ఒళ్లు జల్లుమంటుంది.

కానీ ఆ సౌండ్ సిస్టమ్! జాతరకి పిలిపించిన ఆ కుర్రాడు హార్మోనియానికి పెట్టిన మైకు గొంతులన్నిటినీ మింగేసింది. తాళాలు చెవిలో గుచ్చుకున్నాయి. ఎకో పెట్టడం వల్ల మాట మీద మాట పడి ఒక్క చరణమూ అర్థం కాలేదు. తత్వానికి మాటే ప్రాణం. అది వినపడకపోతే ఇంకేం మిగులుతుంది? వెళ్లి చెప్పినా అతను పట్టించుకోలేదు. ఒంటిగంటకి చాలామంది లేచి వెళ్లిపోయారు. మేమూ వెళ్లిపోదామనుకున్నాం.

అప్పుడు జనరేటర్ ఆగింది. పెద్దాయన వేదిక దిగి గుడి అరుగు మీద కూర్చుని, లేవబోతున్న మామయ్యగారితో "మైకాయప్ప పోతాడు సామీ, మేము పాడతాము, కూసోండి" అన్నారు. ఒక ముప్పైమందిమి దగ్గరకి జరిగాం. అక్కడి నుంచి దాదాపు నాలుగు వరకు నడిచిన పాట కోసం ఎంత దూరమైనా వెళ్లొచ్చు. ఇప్పుడు ప్రతి మాటా వినిపించింది. చివరి చరణంలో తాతయ్య తన గుర్తుగా పెట్టుకున్న 'అమరనారేయణ' ముద్ర రాగానే ముసలివాళ్లు చేతులు జోడించారు.

మధ్యలో టీ వచ్చినప్పుడు పెద్దాయన పాటల పుస్తకం మామయ్యగారి చేతికిచ్చారు. అట్ట ఊడిపోయిన చేతిరాత పుస్తకం. మామయ్యగారు తెరిచి చూసి తెల్లబోయారు, లోపలంతా కన్నడ లిపి. ఆ బృందంలో ఒక్కరికీ తెలుగు అక్షరాలు రావు. బడిలో నేర్చుకున్న కన్నడ అక్షరాల్లోనే తెలుగు తత్వాలు రాసుకుని, ఇంట్లో మాట్లాడే తెలుగులోనే పాడుతున్నారు. మా అబ్బాయికి కన్నడ చదవడం వచ్చు, తెలుగు చదవడం రాదు. వాడు అక్షరం అక్షరం కూడబలుక్కుని చదువుతుంటే, తాతగారు ఆ మాటలు విని అర్థం చెప్పారు. వాడికి తెలుగు అక్షరాలు నేర్పించలేదని ఆయన నన్ను ఎన్నోసార్లు కోప్పడ్డారు. ఆ రాత్రి ఇద్దరూ ఒకే పుస్తకం మీద వంగి కూర్చున్నారు. నాకు కళ్లు నిండాయి.

వెళ్లాలనుకునేవాళ్లకి రెండు మాటలు. బృందం వేదిక దిగేవరకూ ఓపిక పట్టండి. కింద కూర్చోలేనివాళ్లకి మడత కుర్చీ తీసుకెళ్లండి. జాతర ఊళ్లో మరుగుదొడ్డి దొరకడం కష్టం, ఆడవాళ్లు తెలిసినవాళ్ల ఇంట్లో ముందే మాట్లాడుకుంటే మంచిది.

తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో మా అబ్బాయి ఫోన్‌లో తీసుకున్న పేజీ చదువుతుంటే మామయ్యగారు దాన్ని తెలుగులో రాసుకున్నారు. ఒక చరణంలో మాట ఒకటి ఎంత ఆలోచించినా ఆయనకి అందలేదు. కైవారంలో గురుపౌర్ణమికి 72 గంటల పాటు ఆగకుండా సంగీతోత్సవం జరుగుతుంది. ఈసారి ఆ బృందం కూడా వస్తుందట. అప్పుడు పెద్దాయన్నే అడుగుతానని, అందాకా తెనాలికి టికెట్ తీయొద్దని మామయ్యగారు చెప్పారు.