క్రైటీరియన్ వారి 'ది గోల్డెన్ ఏజ్ ఆఫ్ టెలివిజన్' డీవీడీ సెట్టు: నాటిక కట్టేవాళ్ల కోసం

అమెరికా టీవీలో 1953 నుంచి 1958 దాకా ప్రత్యక్ష ప్రసారాల కాలంలో వచ్చిన 8 నాటికలను 3 డిస్కుల్లో పెట్టి పాత గొప్ప సినిమాలను డిస్కులుగా వేసే క్రైటీరియన్ సంస్థ 2009లో ఈ సెట్టు తెచ్చింది. విజయనగరం, శ్రీకాకుళం వైపు పరిషత్తులకు నాటికలు కట్టే సమాజాలకు ఇది నిస్సందేహంగా కొనదగ్గది. గంటలోపు కథ, కొద్ది పాత్రలు, చిన్న చిన్న సెట్లు, మధ్యలో ఆగే వీల్లేని ప్రదర్శన: మన నాటికకున్న కట్టుబాట్లే వాటిలో చాలావాటికీ ఉన్నాయి. ఎనిమిదీ ఒకే ఎత్తున ఉన్నాయని మాత్రం అనలేం.

ఈ ప్రసారాల్లో వారం వారం కథ మారేది, నటులు మారేవారు. మారనిది డబ్బు పెట్టిన కంపెనీ పేరొక్కటే. చీజ్ అమ్మే క్రాఫ్ట్ కంపెనీ 1947 మేలో 'క్రాఫ్ట్ టెలివిజన్ థియేటర్' మొదలుపెట్టింది. దాని నిర్మాణమంతా జె. వాల్టర్ థాంప్సన్ అనే ప్రకటనల ఏజెన్సీ చేతిలో ఉండేది. ఆదివారం రాత్రి వేళను ఫిల్కో, గుడ్‌ఇయర్ కంపెనీలు వంతులవారీగా పంచుకున్నాయి. ఆనంద గజపతి పోషణ చూసిన విజయనగరానికి కళాపోషణ కొత్త కాదు. కాకపోతే ఈ టీవీ నాటికల పోషకుడికి సరుకు అమ్ముడుపోవాలి, కాబట్టి రాతలోకీ చెయ్యి పెట్టేవాడు. ఈ సెట్టులో లేని ఒక ఉదాహరణ చెప్పాలి. 1959లో నాజీ నేరాల విచారణ మీద 'ప్లేహౌస్ 90' అనే టీవీ కార్యక్రమంలో నాటకం వేసినప్పుడు, స్పాన్సరు గ్యాస్ కంపెనీల సంఘం కావడంతో గ్యాస్ చాంబర్ల ప్రస్తావనలో 'గ్యాస్' అన్న మాట వినపడకుండా చేశారు. అలాంటి ఒత్తిడి మధ్య ఇంత నిజాయితీ గల రచనలు రావడం ఎంత గొప్ప సంగతో ఈ డిస్కులు చూస్తే తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు చూడాల్సింది 'మార్టీ'. ప్యాడీ చాయెఫ్‌స్కీ రచన, డెల్బర్ట్ మాన్ దర్శకత్వం, 1953 మే 24 ప్రసారం. పెళ్లికాని ఓ మాంసం కొట్టువాడి ఒక్క శనివారం చుట్టూ తిరిగే కథ. ఫోన్ సన్నివేశం ఒక్కటీ పదిసార్లు చూడండి. ఒకప్పుడు పరిచయమైన అమ్మాయికి మార్టీ వేషం వేసిన రాడ్ స్టైగర్ ఫోన్ చేసి, సినిమాకి వస్తావా అని అడుగుతాడు. ఆమె గొంతు మనకు వినిపించదు. ఆమె కాదంటోందని ఇతని తడబాటును బట్టే అర్థమవుతుంది. అవతలి పాత్ర లేకుండానే తిరస్కారం మొత్తం రంగం మీదికి వచ్చేసింది, దానికి అయిన సరంజామా ఒక టెలిఫోను. "ఈ రాత్రి ఏం చేద్దాం?", "ఏమో, నువ్వే చెప్పు" అని స్నేహితులు మళ్లీ మళ్లీ అనుకునే మాటలనూ గమనించండి. మొదట్లో కాలక్షేపపు కబుర్లలా ఉన్నవే చివరికి వచ్చేసరికి మార్టీకి భరించరానివవుతాయి. ప్రతి డైలాగూ చప్పట్లు కొట్టించాలనే తొందర మన నాటికల్లో ఎక్కువ. దానికి ఇది మంచి మందు.

రాడ్ సెర్లింగ్ రాసిన 'ప్యాటర్న్స్' (1955) ఆఫీసు కథ. యజమాని ఒక ముసలి అధికారిని తనంతట తానే మానుకునేలా వేధిస్తుంటాడు. జనవరి 12న ప్రసారమైతే దానికి వచ్చిన స్పందన చూసి, ఫిబ్రవరి 9న అదే నాటికను మళ్లీ ప్రత్యక్షంగా ఆడారు. పాల్ న్యూమన్ నటించిన 'బ్యాంగ్ ద డ్రమ్ స్లోలీ' (1956) సెట్లు మార్చలేక అవస్థపడే దర్శకుల కోసం. కథ చెప్పే పాత్ర సన్నివేశంలోంచి బయటికొచ్చి మనతో మాట్లాడి, తిరిగి మరో సన్నివేశంలోకి నడిచి వెళ్లిపోతుంది. తెర దించే పనే లేదు. సెర్లింగ్‌దే 'రెక్వియమ్ ఫర్ ఎ హెవీవెయిట్', ఫ్రాంకెన్‌హైమర్ తీసిన 'ద కమేడియన్', 'డేస్ ఆఫ్ వైన్ అండ్ రోజెస్' మూడూ గంటన్నర వేళకు కట్టినవి. నటన కోసం చూడాలి, నిర్మాణం మాత్రం నాటికకు పనికిరాదు. 'ఎ విండ్ ఫ్రమ్ ద సౌత్' కాస్త నీరసం.

బొమ్మ మసకగా ఉంటుంది, డిస్కు లోపమేమో అనుకోకండి. అప్పట్లో ప్రసారాన్ని భద్రపరచడానికి టీవీ తెర ఎదుట ఫిల్ము కెమెరా పెట్టి తీసేవారు. దాన్ని కినెస్కోప్ అంటారు. టీవీ బొమ్మ సెకనుకు 30 ఫ్రేములు, ఫిల్ము 24. ఆ తేడా వల్ల కదలికల్లో చిన్న కుదుపు వస్తుంది. మెరిసే వస్తువుల చుట్టూ కనిపించే నల్లటి అంచు ఆనాటి కెమెరా ట్యూబు లక్షణం. టీవీలో బొమ్మ కొలత 4:3కి మార్చండి, లేకపోతే మొహాలు అడ్డంగా సాగుతాయి. షార్ప్‌నెస్ బాగా తగ్గించండి, కదలికలను నునుపు చేసే మోషన్ స్మూతింగ్ ఆపేయండి.

అసలు చిక్కు రీజియన్ దగ్గరుంది, అంటే డీవీడీ ఏ ప్రాంతపు ప్లేయర్లలో ఆడాలో చెప్పే అంకె. డిస్కులు అమెరికా వారి రీజియన్ 1, మన దేశం రీజియన్ 5. అందుకే మామూలు ప్లేయరు వీటిని తీసుకోదు. మల్టీ రీజియన్ ప్లేయరు కావాలి, అది అమెరికా టీవీ పద్ధతి అయిన ఎన్‌టీఎస్‌సీ కూడా ఆడించాలి. కంప్యూటర్ డ్రైవులో రీజియన్ మార్చవచ్చు గానీ సాధారణంగా 5 సార్లే. ఆ తర్వాత ఆఖరిసారి పెట్టిన రీజియనే ఉండిపోతుంది. కాబట్టి ఒక యూఎస్‌బీ డీవీడీ డ్రైవు కొని, రీజియన్ 1కి మార్చి, ఈ సెట్టు కోసమే ఉంచుకోవడం నయం. విదేశం నుంచి తెప్పిస్తే కస్టమ్స్ సుంకం పడవచ్చు, అదీ లెక్కలో వేసుకోండి.

తెలుగు సబ్‌టైటిళ్లు లేవు. 'మార్టీ'లో న్యూయార్క్ యాస మొదటిసారి వినేవారికి పట్టుబడదు. చాయెఫ్‌స్కీ తన టెలివిజన్ నాటికలను 1955లో పుస్తకంగా వేశారు, అందులో 'మార్టీ' ఉంది. సమాజం సభ్యులంతా కలిసి చూసేటట్టయితే ముందు ఆ ప్రతి చదివించండి, తర్వాత డిస్కు వేయండి. దర్శకుల వ్యాఖ్యానాల ట్రాకులను రెండోసారి చూసేటప్పుడు పెట్టుకోవాలి. కెమెరా ఎటు కదిలింది, నటుడు ఎటు నుంచి వచ్చాడు అన్న వివరాలు దర్శకత్వం చేసేవాళ్లకు వాటిలో బోలెడు దొరుకుతాయి.