చిత్తూరులో సమాధి రాయి చేయించుకునేవాళ్ల కోసం, మా అవ్వకి రాయి చేసిన షాపు గురించి

నవంబర్ 2 సమాధుల పండగకి ముందే మా అవ్వకి రాయి పెట్టాలనుకున్నాం, చిత్తూరులో గ్రానైట్ షాపులకి కొదవ లేదు కానీ అందరూ రేటు చెప్పి పంపేస్తారు, ఈ షాపాయన మాత్రం అవ్వ ఎట్లాంటి మనిషి అని అడిగినాడు. అప్పుడు మా అమ్మ చెప్పింది, తెల్లారి నాలుగింటికే లేచి జపమాల చెప్పేది, ఐదుగురు బిడ్డల్ని ఒక్కతే పెంచింది, మనవళ్లం పరీక్షకి పోతుంటే నుదుటి మీద సిలువ గుర్తు వేసి గానీ పంపేది కాదు, సెప్టెంబర్ 8 మరియమ్మ పండగ వస్తే ఒళ్లు బాగలేకపోయినా వేళాంగణికి పోవాల్సిందే అని.

అంతా విని నల్ల రాయి మీద జపమాల గీసినాడు. ముందు పేపర్ మీద చూపిస్తే ఒక వరసలో తొమ్మిది పూసలే ఉన్నాయి, పది ఉండాలన్నా అని చెప్తే విసుక్కోకుండా మళ్లీ గీసినాడు. కింద "దేవవరప్రసాదముచేత నిండిన మరియమ్మా, వందనము" అని అక్షరాలు ఎంత లోతుగా చెక్కినాడంటే వేలు పెట్టి తడిమితే చదువుకోవచ్చు. మా అమ్మకి చూపు తగ్గింది, అట్లనే తడిమి చదివింది, నాకు ఏడుపు ఆగలేదు.

చెప్పిన రోజు కంటే వారం లేటైంది, అదొక్కటే కష్టమైంది. రాయి, చెక్కుడు కలిపి 18,000 తీసుకున్నారు, పనికి తగిన రేటే. సమాధి దగ్గర నిలబెట్టే కూలీ, ఆటో ఖర్చు వేరే, అది ముందే మాట్లాడుకోండి.