ఏడేళ్లు వాడాక చెబుతున్నా: కొలత ఇచ్చి చేయించుకున్న సామాను

మాది చిన్న ఫ్లాట్. మంచం, రాసుకునే బల్ల, పుస్తకాలు, బట్టలు అన్నీ ఇమడాలంటే రెడీమేడ్‌తో కుదరదని తేలిపోయి, డిజైనూ తయారీ రెండూ చేసే ఒక వర్క్‌షాప్‌లో గోడలోకి మడిచే మంచం, బీరువా, మడత బల్ల, పుస్తకాల అల్మరా చేయించాం. తర్వాత మా అపార్ట్‌మెంట్ ఆవరణలో బెంచీలు కూడా వాళ్లే చేశారు (కమిటీలో ఉన్న పాపానికి ఆ పనీ నా నెత్తినే పడింది). ఇదంతా జరిగి ఏడేళ్లు. మొదటి ఏడాది ఎవరి బీరువా అయినా బాగానే ఉంటుంది కాబట్టి ఇన్నాళ్లూ ఏమీ రాయలేదు.

ముందు అల్మరా సంగతి, అందులో తప్పు నాది. 18 మి.మీ. ప్లైవుడ్, మధ్యలో నిలువు చెక్క లేకుండా 4 అడుగుల అర. "సపోర్ట్ పెట్టకపోతే వంగుతుంది సార్" అని పనివాడు చెప్పాడు. డ్రాయింగ్‌లో ఖాళీగా భలే ఉందని నేనే వద్దన్నాను. రెండేళ్లు తిరక్కుండానే ఉయ్యాలలా దిగింది. తర్వాత తెలిసింది, ప్రతి అడుగు పొడవుకీ అంతే బరువు పెట్టినా ఆధారాల మధ్య దూరం రెట్టింపైతే వంపు 16 రెట్లు అవుతుందట, అంటే 2 అడుగుల దగ్గర కంటికి ఆనని వంపు 4 అడుగులకి వచ్చేసరికి వెక్కిరిస్తుంది. పైగా పుస్తకాల బరువు రాత్రీ పగలూ దిగదు కదా, చెక్క ఆ వంపుకే అలవాటు పడిపోతుంది. ఇప్పుడు ముందు అంచు కింద ఇనప యాంగిల్ బిగించాం, ఆగింది. అందం పోయింది అనుకోండి.

మంచానికి ఉన్న గ్యాస్ స్ట్రట్‌లు (ఎత్తడానికి సాయపడే, గ్యాస్ నింపిన కడ్డీలు) అయిదో ఏట నీరసపడ్డాయి, ఎత్తాలంటే నడుం పట్టేసేది. అయితే వాటి మీద పొడవూ, న్యూటన్లలో బలమూ అచ్చేసి ఉన్నాయి, అవే చూసి కొత్తవి తెచ్చి నేనే మార్చేశాను. బీరువా కబ్జాలు కూడా 35 మి.మీ. గుంటలో కూర్చునే మామూలువే, ఎక్కడైనా దొరుకుతాయి. బల్లకి మాత్రం లేత్ మీద ప్రత్యేకంగా చేసిన మడత బ్రాకెట్ పెట్టారు, చూడ్డానికి నగలా ఉండేది. దాని పిన్ను అరిగితే సరిపోయేది ఎక్కడా దొరక్క మళ్లీ చేయించేదాకా మూడు వారాలు వంటగదిలో కూర్చుని పనిచేశాను. కొలత మనది కావాలి గానీ కబ్జాలు కూడా మనవే కానక్కర్లేదు.

బీరువా అడుగున కోసిన అంచుకి ఎడ్జ్ బ్యాండింగ్ (అంచుని మూసే సన్నని పట్టీ) వేయలేదు, తడిగుడ్డ నీళ్లు తాగి ఉబ్బింది. అది వాళ్ల నిర్లక్ష్యమే. మిగతా పనితనానికి వంక పెట్టలేను. మళ్లీ వాళ్లకే ఇస్తాను, ఈసారి పని అప్పగించుకునే ముందు అడుగు వైపు కూడా వంగి చూస్తాను.

ఇక బెంచీలు. ఇంట్లో సామాను మనం చెప్పినట్టు వింటుంది, ఆవరణలో పెట్టింది అందరి మాటా వినాలి. పిల్లలు వీపు ఆన్చే పట్టీ మీదెక్కి కూర్చుంటారు, ఎవరో సైకిల్‌కి తాళం వేస్తారు. ఫ్రేముకి పౌడర్ కోటింగ్ నున్నగా ఉంది గానీ కాళ్ల పైపుల అడుగున నీళ్లు కారిపోవడానికి రంధ్రాలు లేవు. వెల్డింగ్‌లో వదిలేసిన సన్నని సందుల్లోంచి వాన నీరు లోపలికి దిగి, పైన రంగు మెరుస్తుండగానే లోపలినుంచి తుప్పు తినేసింది. చెక్క పలకల మధ్య ఖాళీ చాలక తడికి ఉబ్బి ఒకదాన్నొకటి తోసుకున్నాయి. రెండోసారి చేసినప్పుడు కాళ్ల కింద ప్యాడ్లు, రంధ్రాలు, పలకల మధ్య 8 మి.మీ. సందు అడిగి మరీ పెట్టించాం. ముఖ్యంగా, ప్రతి పలకా విడివిడిగా ఊడేలా కింద నుంచి బోల్టులు. మొన్న ఒక పలక విరిగితే మెయింటెనెన్స్ కుర్రాడు స్పానర్‌తో పది నిమిషాల్లో మార్చేశాడు. అదే బెంచీ చివర పేపర్ చదువుకుంటున్న పెద్దాయన లేవలేదు, కాస్త పక్కకి జరిగారంతే.