పరిశోధనకు ఏది మేలు: పీహెచ్‌డీయా, సొంత రిజిస్టరా?

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, బరంపురం బడుల్లో కెరీర్ గైడెన్స్ చూసే మనవాళ్లు ఎక్కడ కలిసినా ఇదే అడుగుతున్నారు: "రీసెర్చ్ చేయాలనుందండీ. పీహెచ్‌డీలో చేరమంటారా, మా పిల్లల మీద మేమే చిన్న స్టడీ చేసుకోమంటారా?"

ముందు పీహెచ్‌డీ సంగతి. బరంపురం విశ్వవిద్యాలయం 1967 నుంచి ఉంది. కొరాపుట్‌లో కేంద్రీయ విశ్వవిద్యాలయం 2009లో వచ్చింది. యూజీసీ 2022 నిబంధనల ప్రకారం ఉద్యోగం చేస్తూ పార్ట్‌టైమ్‌లో చేయొచ్చు, పనిచేసే చోటి నుంచి అభ్యంతరం లేదనే పత్రం (ఎన్‌ఓసీ) తెచ్చుకోవాలి. కనీసం మూడేళ్లు, మామూలుగా ఆరేళ్లలోపు. పద్ధతి నేర్పే గైడ్ ఉంటారు, చివర్లో డిగ్రీ చేతికొస్తుంది. కాలేజీలో పాఠం చెప్పాలనుకునేవాళ్లు మరో ఆలోచన లేకుండా అటే వెళ్లండి.

మిగతావాళ్ల విషయంలో నేను చూసేది ఒక్కటే: ప్రశ్న ఎవరిది? పీహెచ్‌డీలో టాపిక్ మెల్లగా గైడ్‌కు అలవాటైన స్కేలు (కొలిచే ప్రశ్నావళి) వైపు జరుగుతుంది. మన బల్ల ముందు కూర్చున్న పిల్ల అడిగేది వేరు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పది అయ్యాక సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నంలో ఇంటర్ చేరాలా, ఇక్కడే ప్లస్ టూ చదవాలా? ఆంధ్ర ఇంజనీరింగ్ కాలేజీల్లో కన్వీనర్ కోటా సీట్లలో 85 శాతం లోకల్ వాళ్లవి. నాన్‌లోకల్ అయితే మిగిలిన 15 శాతంలోనే పోటీ. మరి అటు వెళ్లినవాళ్లలో ఎంతమంది నిలదొక్కుకున్నారు, ఎంతమంది మధ్యలో తిరిగొచ్చారు? దీనికి జవాబు వచ్చే బ్యాచ్ పది రాసేలోపు కావాలి. ఐదేళ్లకు వచ్చే థీసిస్ ఆ పిల్లకు ఎందుకు?

దీనికి ఒక రిజిస్టర్ చాలు. పేరు బదులు నంబరు, పదిలో ఏమవుతానన్నాడు, జూన్‌లో ఎక్కడ చేరాడు, ఏడాది తర్వాత ఎక్కడున్నాడు. మొదటి మూడు గడులూ అందరూ నింపుతారు. నాలుగోదే ఖాళీ. సిమ్‌లు మారిపోతుంటాయి కాబట్టి ఇంటి ఫోన్ నంబరుతోపాటు మేనమామదో పక్కింటివాళ్లదో కూడా రాసుకోండి. థాంక్స్ చెప్పడానికి వచ్చినవాళ్లే మనకు గుర్తుంటారు, చదువు మానేసినవాళ్లు ముఖం చూపించరు. వాళ్లను వెతక్కుండా మన గైడెన్స్ పనిచేసిందనడం సొంత డబ్బా కొట్టుకోవడమే. పోల్చి చూసుకోవడానికి కౌన్సెలింగ్‌కు రాని పిల్లల లెక్క కూడా రాసుకోవాలి. అయితే వచ్చినవాళ్లు ముందే చురుకైనవాళ్లు కావచ్చు, అది మరిచిపోవద్దు. తల్లిదండ్రుల అనుమతి మాత్రం రాతపూర్వకంగా తీసుకోండి. 2023 డేటా రక్షణ చట్టం లెక్కన 18 నిండనివాళ్లంతా పిల్లలే.

ఇలా చేసి చూసి, లెక్క చూసుకుని, మార్చుకుని మళ్లీ చేయడాన్నే మనస్తత్వవేత్త కర్ట్ లెవిన్ 1946లో యాక్షన్ రీసెర్చ్ అన్నాడు. ఇందులో లోటూ ఉంది. అడిగేవాళ్లు లేకపోతే మనకు నచ్చిందే మనకు కనబడుతుంది. అందుకే ఇంకో బడి కౌన్సెలర్‌తో రిజిస్టర్లు మార్చుకుని చదవాలి. తప్పులు వాళ్లు ఇట్టే పట్టేస్తారు.

యూనివర్సిటీ డిపార్ట్‌మెంట్‌తో కలిసి చేసే అవకాశం వస్తే మంచిదే, రిపోర్టు కాపీ మనకూ ఇస్తామని ముందే రాయించుకోండి. వెబినార్ సర్టిఫికెట్లు మాత్రం ఫైల్లో పెట్టుకోవడానికే బాగుంటాయి.

ఇక హెడ్‌మాస్టర్లకు ఓ మాట. మీ కౌన్సెలర్ పరిశోధన చేయాలంటే వారానికి రెండు పీరియడ్లు ఖాళీ ఇవ్వండి, ఫోన్ ఖర్చు ఇవ్వండి. సగం మంది మానేశారని రాసుకొస్తే మాత్రం నిలదీయకండి. నిలదీశారంటే, మరుసటి ఏడాది నాలుగో గడిలో అందరూ చదువుకుంటూనే ఉంటారు.